తెలియకపోతే వద్దనేయండి!

ఈసారి బ్యాలెట్‌లో పధ్నాలుగు ప్రతిపాదనలా, అన్నిటికీ మనమే ‘సరే’, ‘వద్దు’ అని ఓటెయ్యాలా అని మా టర్లాక్‌లో అందరూ ఒకటే గొణుగుడు. నేనైతే నూట నలభై ఉండాలంటాను! మా కాలిఫోర్నియావాళ్లకు ఇంతకు మించిన వరం ఇంకేముంది చెప్పండి?

అందులో ఆఖరిది మా ఇంటి సంగతే. మంచాన పడిన మా ఆయన అడెలీనోకి స్నానం చేయించే మారిబెల్‌కి రాష్ట్రమే జీతం ఇస్తుంది. ఆ ప్రతిపాదన గెలిస్తే ఆమె రోజూ వస్తుంది. ఓడితే రోజు విడిచి రోజే.

అది అలా ఉంచండి. కిటికీకి ఏ రంగు తెర కట్టాలో ఇన్నేళ్లలో మా ఆయన నన్ను అడిగిన పాపాన పోలేదు. ప్రభుత్వమో? కోడికి ఎంత గూడు కావాలి, ఏటి నీళ్లు ఎటు మళ్లాలి, అన్నీ నన్నే అడుగుతుంది! నా వానాకాలం చదువుకి ఇంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది?

పైగా ఆ ప్రతిపాదనలన్నీ వివరిస్తూ ఇంటికి పంపే ఇటుకంత పుస్తకం ఉచితం! చదవమని ఎవరన్నారు? ఈగల్ని కొట్టొచ్చు. మనవరాలికి బల్ల అందకపోతే కింద వేయొచ్చు. మా పక్కింటి ఒఫీలియా జున్ను మీద బరువు పెట్టింది, నీళ్లన్నీ చక్కగా దిగిపోయాయి.

ఇక అభిప్రాయాలంటారా, మా వీధిలో అవి పొయ్యి మీదే తయారవుతాయి. ఇంటికొకరు ఒక్కో ప్రతిపాదన చదివి, ఒక్కో వంటకం పట్టుకుని ఒఫీలియా ఇంటికి చేరతారు. తింటూ మిగతావాళ్లకి వివరిస్తారు. పన్ను మాటెత్తితే కరవడానికొచ్చే ఎదురింటి గ్లెన్, ఒఫీలియా చేసిన ఎంచిలాడా రొట్టెచుట్టలు నములుతూ బడి పన్నుకి ‘సరే’ అని ఇంటికొచ్చిన ఓటు కాగితం మీద దిద్దేశాడు!

ఆఖరిది నా వంతు. ఆ ముందు రాత్రంతా అడెలీనో మూలుగుతూనే ఉన్నాడు. వండే తీరిక లేక ఆకుకూర సూపు కాచి తీసుకెళ్లాను. గరిటె ముట్టుకున్నవాళ్లు లేరు. నేను నోరు తెరిచేసరికే గ్లెన్ టపాలో పంపే ఓటు కవరు అంటించేస్తున్నాడు.

“ఆఖరిదానికి ఏం పెట్టావు నాయనా?”

“ముందే ‘వద్దు’ అని పెట్టేశాను పిన్నీ. తెలియనిదానికి వద్దనడమే క్షేమం కదా!”

“అదీ నిజమే,” అంది ఒఫీలియా, నాకు ఇంకో ఎంచిలాడా వడ్డిస్తూ. ఆమె కవరూ అంటించే ఉంది.

ఎంత తెలివైన పద్ధతో చూశారా! తెలిసేదాకా ఆగనక్కర్లేదు, అడగనక్కర్లేదు. రాష్ట్రంలో చాలామంది ఇంత తెలివైనవాళ్లే అయినట్టున్నారు. ఓట్లు లెక్కపెట్టారు, ఆఖరిది ఓడింది. ప్రజాభిప్రాయం! నేను తలవంచాను. వంచక ఎలాగూ తప్పదు, మారిబెల్ రాని రోజున అడెలీనోని లేపాలంటే.

నిన్న గ్లెన్ బుట్టెడు బాదం పప్పులు తెచ్చాడు. స్నానాల గది గుమ్మంలో మేమిద్దరం ఒకరినొకరం పట్టుకుని ఊగుతుంటే చూసి నిర్ఘాంతపోయాడు.

“ఛీ, ఈ ప్రభుత్వానికి జాలన్నది లేదు పిన్నీ!”

“బొత్తిగా లేదు నాయనా,” అన్నాను. “ఆ బుట్ట కింద పెట్టి, ప్రభుత్వంగారూ, కాస్త కాళ్ల వైపు పట్టండి.”