నిర్దేశిత తప్పులు

ప్రపంచ భాషలన్నిటిలోనూ ఉప్పల్ వాతావరణానికి సరిపడేది పోర్చుగీసు ఒక్కటేనని, రింగు రోడ్డు పక్కన టైల్స్ దుకాణం పై అంతస్తులో వెలసిన లూసిటానియా భాషా సంస్థ నిర్ధారించింది. (మెట్రో కోసం రోడ్డు తవ్వుతున్న ఏడాది అది. గిరాకీ లేక దుకాణం వాళ్లు పై అంతస్తును విజ్ఞానానికి అద్దెకిచ్చారు.)

కారణం లేకపోలేదు. నాచారంలో ఒక కంపెనీ బ్రెజిల్ వాళ్ల ఫిర్యాదులను ఫోన్లో వినే పని మొదలుపెట్టింది. డిగ్రీ, పోర్చుగీసు సర్టిఫికెట్ ఉంటే గృహిణులూ అర్హులేనని పేపర్లో పడింది. నాకు బి.ఏ. ఉంది. పెళ్లయి పదకొండేళ్లయింది కనుక ఫిర్యాదులు వినే అనుభవమూ ఉంది. రేషన్ కార్డులో నేను కరుణాకర్ భార్యను, బడి డైరీలో దీప తల్లిని. నా పేరుతో ఒక గుర్తింపు కార్డు మెడలో వేసుకోవాలని కోరిక. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దరఖాస్తులో ‘మాతృభాష’ అన్నచోట ‘ఇంగ్లిష్’ అని ముందే అచ్చువేసి ఉంది. పొరపాటేమోనని డైరెక్టర్ అచ్యుతరావు గారికి చూపించాను. ఆయన నొచ్చుకోలేదు.

“పుస్తకం ఇంగ్లిష్ వాళ్ల కోసం రాసిందమ్మా. తెలుగోళ్లకు పోర్చుగీసు ఎట్ల వస్తదో అందులో లేదు. లేనిది మేమెట్ల చెప్తం?”

సంతకం చేశాను. ఆ రోజు పదకొండున్నరకు మా బ్యాచిలో ఇరవై ఇద్దరం ఇంగ్లిష్ వాళ్లుగా జన్మించాం. నా పక్క కుర్చీలో మొగిలయ్య అనే పీర్జాదిగూడ ఇంగ్లిష్ ఆయన కూర్చున్నాడు.

పోర్చుగీసులో ప్రాణం లేని వస్తువులకు కూడా ఆడా మగా ఉంటుంది. ఇల్లు ఆడది. వంటిల్లు ఆడది. ఉతకవలసిన బట్టలు ఆడవి. ఉద్యోగం మగది, జీతం మగది, సోఫా మగది. ఇంగ్లిష్ వాళ్లు దీన్ని నెలల తరబడి బట్టీ పట్టాలని పుస్తకంలో రాసి ఉంది. మా ఇంటి ముందుగదిలోకి ఒకసారి తొంగి చూసి నేను ఒక్క పూటలో ముగించాను.

మాటల సంగతి మా అమ్మ తేల్చింది. అమ్మ పేరు ఉప్పలమ్మ. పుట్టిందీ, పెరిగిందీ, వరి నాటిందీ ఉప్పల్లోనే. ఆ పొలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉంది. మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చి కూర్చుంటుంది. నేను చదువుకుంటుంటే విని, సబావు అంటే సబ్బనీ, షావి అంటే చాబీ అనీ, తువాల్యా అంటే తువాలనీ, మెస్త్రి అంటే మేస్త్రీ అనీ తనే చెప్పేసింది. (మేస్త్రీ అక్కడ పంతులయ్యాడు. ఇక్కడ గోడలు కడుతున్నాడు. ఇద్దరూ చెప్పిన రోజుకు రారు.)

“గివి నేర్వనీకి బస్సెక్కి పోతున్నవా బిడ్డా? అన్ని ఇంట్లనే ఉన్నయి గదా.”

మొదటి పరీక్షలో అన్నీ సరిగ్గా రాశాను. వందకు ముప్పై ఎనిమిది వచ్చాయి. ‘అభ్యర్థిని నిర్దేశిత తప్పులు చేయలేదు. దిద్దే అవకాశం ఉపాధ్యాయునికి కల్పించలేదు’ అని ఎర్ర సిరాతో రాశారు. ఇంగ్లిష్ వాళ్లు సహజంగా చేసే తప్పులు మొత్తం నలభై ఒకటని, వాటిని చేసి, దిద్దించుకుని, సిగ్గుపడితే అరవై మార్కులని అచ్యుతరావు గారు ఓర్పుగా వివరించారు. తప్పు చేయకుండా నేర్చుకున్నవాళ్లను కాపీ కొట్టినవాళ్లుగా పరిగణిస్తారట.

అప్పటినుంచి ఇంట్లో తప్పులు సాధన చేశాను. వాటిలో ముఖ్యమైనది ఏడో తప్పు. ‘తిన్నాను’ అంటే తిన్నది నేనేనని మనకు తెలుస్తుంది, పోర్చుగీసు వాళ్లకూ తెలుస్తుంది. ఇంగ్లిష్ వాళ్లకు నమ్మకం కుదరదు. కనుక ప్రతి వాక్యానికీ ముందు ‘నేను’ పెట్టాలి. నేను లేచాను, నేను వండాను, నేను తోమాను. బియ్యం ఏరుతూ వింటున్న అమ్మకు అర్థం చెప్పాను.

“అన్నిసార్లు నేను నేనంటున్నవేందే? ఎవలన్న కాదన్నరా?” అంది.

నేను ఎనిమిదో తప్పుకు వెళ్లాను.

ఆఖరి పరీక్షలో నలభై ఒక్క తప్పులూ క్రమంలో చేసి తొంభై ఆరు తెచ్చుకున్నాను. సర్టిఫికెట్ తీసుకుని నాచారం వెళితే, అక్కడి అధికారిణి హిమజ నవ్వుతూ చదివి, నవ్వుతూ తిరిగిచ్చింది. ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని కంపెనీ నిర్ణయమట. సర్టిఫికెట్‌లో మాతృభాష ఇంగ్లిష్ అని ఉంది కనుక నేను ఎప్పుడు వలస వచ్చానో ఆధారాలు జతపరచాలట. ఉప్పల్లోనే పుట్టానని, మా అమ్మ పేరే ఉప్పలమ్మ అని చెప్పాను. పేర్లను నివాస ధ్రువీకరణగా స్వీకరించరట.

అచ్యుతరావు గారు మాత్రం మంచివారు. సంస్థ చరిత్రలో ఇంత స్వచ్ఛంగా తప్పులు చేసినవాళ్లు లేరని, నన్ను తప్పుల విభాగానికి ఉపాధ్యాయినిగా నియమించారు. మెడలో కార్డు వేశారు. ఫోటో, పేరు, దాని కింద మాతృభాష.

అమ్మకు చదువు రాదు. కార్డును తిప్పి తిప్పి చూసి, ఏం రాసిన్రని అడిగింది. కింది వరుస నీ గురించేనమ్మా, నీ భాష ఇంగ్లిష్ అని రాశారు అన్నాను.

అమ్మ కార్డును కొంగుతో తుడిచింది.

“నాకు ఇంగ్లీషొస్తదా? మరి గిన్నేండ్ల సంది నాకెవ్వలు జెప్పలేదేందే.”