చలించని సిబ్బంది

ఫిర్యాదుల విభాగాన్ని మిర్చి గిడ్డంగిలోకి మార్చిన మూడో రోజుకల్లా పదకొండు మంది సిబ్బందిలో పదిమంది గడ్డకట్టారు. నాలుగో రోజున, గడ్డకట్టనందుకు సంజాయిషీ కోరుతూ పదకొండో ఉద్యోగి మస్తాన్‌రావుకు మెమో అందింది.

ఇందులో కుట్రేమీ లేదు, ఉన్నదల్లా అనువాదమే. నలభై ఏడు డిగ్రీల ఎండకు రేకుల షెడ్డులో ఉడికిపోతున్నామని, ఏసీ గది ఇప్పించమని సిబ్బంది అర్జీ పెట్టుకున్నారు. పాలనలో తెలుగు వెలగాలన్న పట్టుదల గల అధికారి ఒకరు ఏసీ గదిని ‘శీతల గది’గా తెనిగించారు. ఆయన పై అధికారి, పదకొండు మందికి గది చాలదేమోనని, ‘శీతల గిడ్డంగి’గా దిద్దారు. ఆ మిర్చి ఊళ్ళో శీతల గిడ్డంగులకు కొదవా? ఒకదాంట్లో అయిదో గది ఖాళీగా ఉంది. మిరపకాయకు నాలుగు డిగ్రీల చల్లదనం చాలు. ఉద్యోగుల గ్రేడు మిరపకాయ గ్రేడు కన్నా పైది గనక వాళ్ళకు సున్నా కింద పద్దెనిమిది మంజూరైంది.

గడ్డకట్టడం వల్ల పని ఆగిందనుకుంటే పొరపాటు. వేళ్ళు కదిలేవి, ముద్రలు పడేవి. ఆగిందల్లా లోపలిది. ఇదివరకు జనం గోడు వింటూ కూర్చుని రోజుకు నలభై అర్జీలు కూడా తెమల్చలేని విభాగం ఇప్పుడు నాలుగు వందలు దాటించింది. ఎదుటివాళ్ళు ఎంత ఏడ్చినా ఎవరూ చలించలేదు. అంత చలిలో చలించేదెవరు గనక? కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చి పూసలై రాలేవి. అటెండరు పూటకోసారి చీపురుతో ఊడ్చేవాడు. ఒకప్పటి మంచివాళ్ళు మంచువాళ్ళయ్యారని జనం గొణిగితే, సూపరింటెండెంటు ఆదిశేషయ్య గారు తేలిగ్గా తీసుకున్నారు. అక్షరానికి గుడి తీసి కొమ్ము పెట్టారు, అంతేగా అన్నారు.

మస్తాన్‌రావు మాత్రం కుర్చీ కింద చిన్న మడుగు కట్టించుకుని వెచ్చగా కూర్చునేవాడు. నెల తిరిగేసరికి, కారణం తేల్చడానికి డాక్టర్ పరాంకుశం గారు వచ్చారు. దుర్భర వాతావరణాల్లో మనిషి మనసు ఎంతవరకు తట్టుకుంటుందో కొలవడం ఆయన వృత్తి. కొలిచే సాధనం చిన్న సుత్తి. రొమ్ము మీద కొడితే ‘ఠంగ్’ మనాలి. అంటే మానసిక దృఢత్వం ఉన్నట్టు. పదిమంది రొమ్ములూ గుడిగంటల్లా మోగాయి. మస్తాన్‌రావు రొమ్ము పిండిబస్తాలా ‘దబ్’ మంది. విచారిస్తే తేలిందేమంటే, ఆయన ప్రతి అర్జీనీ మొదటి అక్షరం నుంచి చివరి వేలిముద్ర దాకా చదువుతున్నాడు. చదివినకొద్దీ ఒళ్ళు కాగుతోంది.

ఆ సెగ ఆయనతో ఆగితే ఎవరూ పట్టించుకోకపోదురు. పక్క కుర్చీలోని భ్రమరాంబ గారి మోచెయ్యి దాని వల్లే కొద్దిగా కరిగింది. కరిగిన మోచెయ్యి గుండా, ఇరవై రోజుల కిందట తన తల్లి పోయిన సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. బావురుమని ఏడ్చి, ఒకపూట సెలవు పెట్టి వెళ్ళిపోయింది. దాంతో మెమో ముదిరింది. పదిహేను రోజుల్లో దృఢపడాలి, లేదా ఉద్యోగం వదలాలి.

ఆదిశేషయ్య గారు చెడ్డవారు కారు. పక్కకు పిలిచి కిటుకు చెప్పారు. “అర్జీని చదవకయ్యా, చూడు. చూడ్డానికి కళ్ళు చాలు. చదవడానికే మనిషి కావాలి.”

ఇంట్లో భార్య నాగరత్నం మొదట ఒప్పుకోలేదు. గడ్డకట్టిన మొగుళ్ళు కూరలో ఉప్పు లేకపోయినా అడగరని, పిల్లవాడు పడి మోకాలు చెక్కుకున్నా చూస్తూ నిలబడతారని వీధిలో విన్నది. మెమో రెండుసార్లు చదివాక ఆమె స్వరం మారింది.

“రాయి అవ్వండని నేనెట్టా చెప్పనూ? కాకపోతే అయ్యేదేదో ఉద్యోగమున్న రాయి అవ్వండి” అన్నది.

మస్తాన్‌రావు శ్రమపడ్డాడు. అర్జీలను కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. అలా చదివితే కష్టం కథగా అతకదు. వారం తిరిగేసరికి పాదాలు బిగిశాయి, పద్నాలుగో రోజుకు మంచు నడుము దాటింది. ఇక మిగిలింది రొమ్ము.

పదిహేనో రోజు పొద్దున రాహేలమ్మ అనే ఆవిడ అర్జీ పట్టుకుని వచ్చింది. ఆమె భర్త దేవసహాయం ఆ గిడ్డంగిలోనే బస్తాలు మోసే హమాలీ.

“మా ఆయన పక్క గదిలో ఉండిపోయాడు సారూ, నాలుగో గదిలో. బస్తాలు సర్దతా ఉంటే చూసుకోకుండా తలుపేసి సీలేశారు. మొన్నట్నించీ గోడ కొడతానే ఉన్నాడు. ఇనండి.”

మస్తాన్‌రావు విన్నాడు. ఇనప రేకుల గోడ అవతల ఎవరో కొడుతున్నారు. సీలు విప్పాలంటే ఈ విభాగం ఉత్తర్వు కావాలని, అందుకే ఎవరూ తలుపు ముట్టుకోవడం లేదని ఆమె చెప్పింది. ప్రభుత్వ సహాయం గోడకు ఇవతల, దేవసహాయం అవతల. మస్తాన్‌రావు అర్జీని పై నుంచి కిందికి చదివేశాడు. రొమ్ము భగ్గుమంది, నడుము దాటిన మంచు మోకాళ్ళకు జారింది. కలం తీశాడు.

అదే సమయానికి డాక్టరు గారు సుత్తితో లోపలికి వచ్చారు.

ఉద్యోగం ఉంటేనే కదా ఉత్తర్వు రాయగలిగేది, ముందు పరీక్ష గట్టెక్కి ఆ వెంటనే తలుపు తీయిద్దాం అనుకున్నాడు మస్తాన్‌రావు. కలం బల్ల మీద పెట్టి రొమ్ము చూపించాడు. సుత్తి పడింది. సరిగ్గా ఆ క్షణాన గోడ అవతలి నుంచి ‘ఠంగ్’ మని వినిపించింది.

డాక్టరు గారి ముఖం వికసించింది. “పైకి మెత్తగా కనిపించినా, లోపల గట్టివాడే ఉన్నాడు” అని కాగితం మీద రాసుకున్నారు.

లోపల ఉన్నదెవరో మస్తాన్‌రావుకు తెలుసు. ఆ చప్పుడు నాది కాదండీ అనడానికి నోరు తెరిచాడు. మాట నాలుక చివర కాసేపు నిలబడింది. నిలబడిన చోటే గడ్డకట్టింది. అక్కడి నుంచి గొంతులోకి, గొంతు నుంచి రొమ్ములోకి చల్లదనం హాయిగా, తొందరేమీ లేకుండా దిగింది. డాక్టరు గారు సరదాకి మరోసారి సుత్తి వేస్తే, ఈసారి చప్పుడు మస్తాన్‌రావుదే.

మధ్యాహ్నం మస్తాన్‌రావు ఆ అర్జీని తీసి చూశాడు. వరస సంఖ్య వేశాడు. గోడ చప్పుడు ఆ పూటా, మర్నాడూ కొనసాగింది. ఒకే విషయం మీద భార్య రాతపూర్వకంగానూ భర్త శబ్దపూర్వకంగానూ రెండు ఫిర్యాదులు చేయడం నిబంధనలకు విరుద్ధమని ఆదిశేషయ్య గారు రెండోదాన్ని తిరస్కరించారు. మూడో రోజుకు చప్పుడు ఆగింది. ఫిర్యాదుకు మూలమైన శబ్దం లేదు గనక మస్తాన్‌రావు దస్త్రం మూసి, ముద్ర వేసి, కాగితం రాహేలమ్మ చేతికిచ్చాడు.

ఆమెకు చదువు రాదు. ఏం రాశారని అడిగింది.

“పరిష్కారమైంది” అన్నాడు మస్తాన్‌రావు.

ఆమె కాగితాన్ని కళ్ళకద్దుకుంది. “అయితే తలుపు తీత్తారన్నమాట. సల్లగా ఉండు నాయనా. నువ్వూ నీ పెళ్ళాం పిల్లలూ సల్లగా ఉండాల” అని, నాలుగో గది తలుపు ఎదురుగా వెళ్ళి కూర్చుంది.

ఆ దీవెన ఆ భవనంలో అప్పటికే అమల్లో ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.