భవ్య నడుముకు మేక గంట

ఆదివారం పొద్దున్నే కూతురు భవ్యను తీసుకుని అడవి నడకకు వెళ్లాలని సుజాత శుక్రవారమే అనుకుంది. అప్పటినుంచి ఆమెకు సరిగా నిద్ర లేదు. కోనరావుపేట అవతల, వాళ్ల ఊరి వెనకనే మొదలయ్యే అడవిలో నెలకోసారి పక్షులను చూపిస్తూ జనాన్ని తిప్పుతారు. ఆరేళ్ల భవ్య బడిలో పేరు రాయించుకుని, ఒక కాగితం పట్టుకొచ్చింది. "పిల్లలను కనుచూపు దాటనివ్వకండి" అని అందులో ఉంది. ఏడో తరగతితో చదువు ఆగిన సుజాత ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. దాటితే ఏమవుతుందో మాత్రం రాయలేదు.

భర్త వెంకటి తెల్లారకముందే కల్లుకు తాటిచెట్లు గీయడానికి వెళ్లిపోయాడు. తోడు ఎవరూ లేరు. ఆమె కొట్టంలోకి వెళ్లి, అత్త మొగిలవ్వ మేకల్లో అన్నిటికంటే ముందు నడిచే ముసలి మేక మెడలోని గంట విప్పింది. అత్తకు చెప్పలేదు, చెబితే నవ్వుతుందని. దాన్ని భవ్య నడుముకు, గౌను లోపల కట్టింది.

"యాడున్నా సప్పుడు ఇనవడాలె బిడ్డా. ఎటన్న పోతె నాకు చెప్పి పోవాలె."

కాగితం మళ్లీ చూసుకుంది. ప్లాస్టిక్ వద్దు, సెంటు వద్దు, ఎర్ర బట్టలు వద్దు, అరవవద్దు. గంట వద్దని లేదు.

నడిపించేవాడు అటవీశాఖ బీట్ ఆఫీసర్ సతీశ్. సిరిసిల్ల నుంచి పిల్లలతో వచ్చిన పన్నెండు మందిని వరుసగా నిలబెట్టి, నోరు తెరవొద్దని చెప్పాడు. ఎవరూ తెరవలేదు. కుంట దగ్గర భవ్య ఒక రాయి మీదినుంచి దూకింది, గంట గణగణమంది. ఒడ్డున ఉన్న కొంగలన్నీ, అతను నెల రోజులుగా చూపిస్తానంటున్న ఎర్రకాళ్ల కొంగతో సహా, ఎగిరిపోయాయి.

అడవిలోకి ఎవరో మేకలు తోలారని సతీశ్ అనుకున్నాడు. "ఇయ్యాల దొరకవడితె అన్నిటిని పట్టుకపోయి కట్టేస్త" అన్నాడు. సుజాత నిజం చెబుదామనుకుంది. చుట్టూ టోపీలు, దుర్భిణులు చూసి నోరు రాలేదు. భవ్య నడుము గట్టిగా పట్టుకుని నడిచింది. అయినా గంట మోగుతూనే ఉంది.

అదే సమయానికి ఊళ్లో మొగిలవ్వ కొట్టం తలుపు తీసి, చాయ్ తాగడానికి లోపలికి వెళ్లింది. ఆమె మేకలు రోజూ గంట వెంట నడుస్తాయి. ఆ రోజు కూడా గంట వెంటే నడిచాయి.

కాసేపటికి వరుస చివర ఎవరో దగ్గారు. అందరూ తిరిగి చూస్తే పదకొండు మేకలు, వరుస తప్పకుండా వస్తున్నాయి. గంట పోయిన ముసలి మేక ముందుంది.

"గీ మేకలు ఎవలియి?" అన్నాడు సతీశ్.

సుజాత చెట్టు చిటారు కొమ్మను చూడసాగింది.

"మాయే సార్. గిది ముసల్ది. దీని గంట నా దగ్గరున్నది" అని భవ్య గౌను ఎత్తి చూపించింది.

సతీశ్ చేతిలోని పక్షుల పుస్తకం మెల్లగా మూశాడు. "అక్కా, ఇవి ఆకు ముట్టకముందే బయటికి తోల్కపోరి. ముట్టినయంటె నేను కట్టెయ్యాల్సి వస్తది."

గంట లేకుండా మేకలు కదలవు. మేకలు పోతే అత్త ఊరుకోదు. సుజాత గంట విప్పుకుని, సిరిసిల్లవాళ్లలో ఉన్న టీచరు ప్రేమలతకు భవ్యను అప్పగించింది. చెయ్యి వదలవద్దంది, నీళ్ల దగ్గరికి పోనివ్వవద్దంది. పిల్లకు అవసరమవుతుందని తన ఫోను కూడా దాని సంచిలోనే పెట్టింది. ఇంకా చెప్పేదే, కానీ ముసలి మేక అప్పటికే ఒక ఆకు వాసన చూస్తోంది.

గంట వాయిస్తూ ఆమె నడిచింది, మేకలు బుద్ధిగా వెంట నడిచాయి. అయితే భవ్య కనిపిస్తోందా అని సుజాత వెనక్కి చూస్తూనే నడిచింది. ముందుకు తిరిగేసరికి దారి లేదు. ఎటు చూసినా మోదుగు చెట్లే. కేకేద్దామంటే అరవవద్దని కాగితంలో ఉంది. ఒక బండ మీద కూర్చుని గంట వాయించసాగింది.

అక్కడ సతీశ్ పిల్లలతో కళ్లు మూయించి, ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో చెప్పమన్నాడు. ఒకడు నెమలి అన్నాడు. భవ్య చెయ్యెత్తింది.

"మా అమ్మ అటు దిక్కున్నది."

సతీశ్ చెవి పెట్టి విన్నాడు. అతని ముఖం మారింది. ఊరేమో దానికి ఎదురు దిక్కున ఉంది.

భవ్య ముందు, మిగతావాళ్లు వెనక, గంట చప్పుడు పట్టుకుని బండ దాకా వచ్చారు. బిడ్డను చూడగానే సుజాతకు ఏడుపు ఆగలేదు. భవ్యేమో రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడింది.

"ఎటన్న పోతె నాకు చెప్పి పోవాలె అమ్మా."

సుజాత సరేనంది. భవ్య ఆ గంట తీసుకుని తల్లి కొంగుకు ముడివేసింది. సుజాత వెనక మేకలు, మేకల వెనక సిరిసిల్లవాళ్లు, అందరూ గంట వెంట ఊరు చేరారు. ఊరి చివర మేకలను వెతుకుతూ నిలబడ్డ మొగిలవ్వ ఆ వరుసను చివరిదాకా చూసింది.

"పోయినయి పదకొండు. గిన్ని ఎట్లయినయే?"

మరుసటి నెల కాగితంలో గంటలు తేవద్దని కొత్తగా ఒక వాక్యం చేరింది. సుజాత దాన్ని మూడుసార్లు చదివింది. ఈలల గురించి ఏమీ లేదు.