నిమ్మకాయలు పొదిగిన కోడి

బుధవారం పొద్దున నాగమణమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఎర్రపెట్టకు పొదుగు మాన్పించాలి. గుడ్లన్నీ తీసేసినా పది రోజులుగా అది గంప వదలడం లేదు. మొదట ఖాళీ గడ్డి మీద కూర్చుంది. గడ్డి తీసేస్తే నాగమణమ్మ మొగుడు మైసయ్య చెప్పు మీద కూర్చుంది. చెప్పు కోసం చెయ్యి పెట్టిన మైసయ్యను పొడిచింది.

ఛత్రినాకలో వాళ్ల ఇంటి వెనక జాగా రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. అందులోనే నాలుగు పెట్టలు, ఒక పుంజు. తల్లిగారి ఊరి నుంచి నాగమణమ్మ ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చిన పిల్లల సంతానం అవి. మొగుడు డిపోలో మెకానిక్కు అని చెప్పినా వినకుండా కండక్టరు వాటికీ టికెట్టు కొట్టాడు. గోడ అవతలి లక్ష్మీకాంతమ్మకు మాత్రం అవి గిట్టవు. పుంజు కూస్తే నిద్ర పాడైందంటుంది. కూయని రోజున, కొడుకు దుకాణానికి ఆలస్యమైందంటుంది. నిన్న ఒక పెట్ట గోడ దూకి, ఆరబెట్టిన వడియాల మీద నడిచింది. రాత్రి అన్నం ముందు మైసయ్య తీర్పు చెప్పేశాడు.

"ఇగో సూడు. గోడవతలికెల్లి ఇంకొక్క లొల్లి అచ్చిందా, అన్నింటిని గంపల వెట్టి అమ్మొస్త. నా డ్యూటీ బస్సులతోని, కోళ్ల పంచాయితీలతోని కాదు."

నాగమణమ్మ పొద్దున్నే లేచి, తల్లి ఎట్లా చేసేదో అట్లాగే చేసింది. పెట్టను బకెట్టు నీళ్లలో మూడుసార్లు ముంచింది. దాని ఈకే ఒకటి పీకి రెండు ముక్కుపుటాల గుండా అడ్డంగా దూర్చింది. ఈక అడ్డుంటే కోడికి ఆ ఈక ధ్యాసే తప్ప గుడ్ల ధ్యాస ఉండదు. మిగతా కోళ్లు పొడిచిన మెడకు పసుపు పూస్తే, తడి మీద అది ఒళ్లంతా పాకింది. మందు పెట్టిన కోడి అని గుర్తుకు కాలికి ఎర్ర పేలిక కట్టింది. ఆరడానికి గోడ మీద కూర్చోబెట్టి చేతులు కడుక్కుని వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది.

ఆ వెంటనే గోడ అవతల కేక వినబడింది.

"వేణూ! ఓ వేణుగోపాలా! ఉర్కిరారా! మనింటికి ఎవడో చేతబడి చేసిండు!"

నాగమణమ్మ పీటెక్కి చూసింది. ఆ రోజు పదకొండింటికి లక్ష్మీకాంతమ్మ మనవరాలు ప్రీతికి పెళ్లిచూపులు. వచ్చేవాళ్ల షర్బత్తుకు తెచ్చిన నిమ్మకాయలు గంపలో పెట్టి పెరట్లో ఉంచారు. గుండ్రంగా ఏది కనబడ్డా గుడ్డే అనుకునే దశలో ఉన్న ఎర్రపెట్ట, ఆ నిమ్మకాయల మీద రెక్కలు పరిచి కూర్చుంది.

సబ్బు నురగ ముఖంతోనే పరుగెత్తుకొచ్చాడు వేణుగోపాల్. స్టీలు సామాన్ల దుకాణంలో గట్టిగా బేరమాడే మనిషి, కోడిని చూసి తులసికోట వెనక్కి వెళ్లాడు.

"నిమ్మకాయలు, పసుపు, ఎర్రగుడ్డ, కోడి... అమ్మా, అన్నీ ఉన్నయే!"

"ముక్కుల ఏందిరా అది?"

"మన నోర్లు లేవకుంట కట్టిచ్చిండ్రు."

"నీ నోరు ఎప్పుడు లేసిందిరా కట్టెటానికి?" అని కొడుకును కసిరి, ఆమె గోడ వైపు తిరిగింది. "ఏం నాగమణమ్మా! గిది మీ కోడా?"

మాదే అంటే కోళ్లు అమ్మకానికి పోతాయి. ఈ వేషంలో మాదే అంటే నాగమణమ్మను కూడా గల్లీ దాటిస్తారు.

"మా కోళ్లు ఎర్రగుంటయి గదక్కా," అంది. "గిది పచ్చగున్నది."

అది అబద్ధం కాదు.

"మనదేనా ఏంది?" అని వెనక నుంచి మైసయ్య అడిగాడు.

"మనదైతే గంత సక్కగ ఒక్కకాడ కూసుంటదా?" అంది. అదీ ఆలోచించవలసిన మాటే.

వేణుగోపాల్ ఈలోగా శాలిబండలో దిష్టి తీసే అంజన్‌కు వీడియో కాల్ చేశాడు. అంజన్ ఇడ్లీ తింటూ తెర మీదకి వచ్చి, కోడిని చూడగానే ఇడ్లీ పక్కన పెట్టాడు.

"ఫోన్ జర దూరం వట్టు భాయ్. దాని కండ్లల్ల నా కండ్లు పడొద్దు. నిమ్మకాయలెన్నున్నయి?"

వేణుగోపాల్ లెక్కపెట్టబోయి వేలు వెనక్కి లాక్కున్నాడు. "పొడిచింది!"

"పొడిచిందా? అయితే పక్కా. పన్నెండు గొట్టక ముందే తీస్కపోయి మూసీల ఇడవాలె. మీ ఇంటోళ్లు ముట్టొద్దు, బయటోళ్లు ఎవలన్న ఎత్తాలె. మునిగితే దోషం పోయినట్టు."

"మునగకపోతే?"

"మళ్ల ఫోన్ చెయ్."

మూసీ మాట వినగానే నాగమణమ్మ పీట దిగి, గోడ చుట్టూ తిరిగి, వాళ్ల పెరట్లో తేలింది. "నేనెత్తుతనక్కా. మా అమ్మ గిసొంటియి మస్తు సూసింది. ఫికర్ చెయ్యకు." అదీ అబద్ధం కాదు. గల్లీ మలుపు దాటగానే వెనక తలుపు నుంచి ఇంట్లో దూరాలని ఆమె ఆలోచన.

"ఒక్కదానివేం పోతవు? స్కూటర్ మీద నేను దింపుత," అని వేణుగోపాల్ తాళంచెవి తెచ్చాడు.

కోడి నిమ్మకాయలు వదల్లేదు కాబట్టి గంపతో సహా ఎత్తుకుంది నాగమణమ్మ. లక్ష్మీకాంతమ్మ పైన జరీ తుండుగుడ్డ కప్పి, "ఎన్కకు తిరిగి సూడకున్రి!" అని వాకిట్లోకి తోసింది. ముందుకు చూస్తే కారు ఆగి ఉంది. అందులోంచి అబ్బాయి, వాళ్లమ్మ అరగంట ముందే దిగుతున్నారు. వాళ్లది షాద్‌నగర్ దగ్గర పల్లె.

"అయ్యో, మేం రాంగనే గీ పండ్లెందుకమ్మా!" అంటూ అబ్బాయి తల్లి మురిసిపోయి గుడ్డ ఎత్తింది.

కోడి ఆమెను చూసి గుర్రుమంది.

ఆమె కోడి మెడ పట్టి అటూ ఇటూ తిప్పింది. ఈకను వేలితో కదిలించింది. "ఎన్నొద్దులాయె?"

"ఏంది?" అంది లక్ష్మీకాంతమ్మ.

"పొదుగుకొచ్చి. ఈక మంచిగనే దూర్చిండ్రు. మా అత్త గూడ గిట్లనే చేస్తుండె. పట్నంల గీ ఇకమతు తెలిసినోళ్లున్నరా! ఎవలదమ్మా గీ కోడి?"

లక్ష్మీకాంతమ్మ నాగమణమ్మ వైపు చూసింది. ఆ ఒక్క చూపులో పచ్చకోడి మళ్లీ ఎర్రకోడి అయిపోయింది. ఆమె నోరు తెరిచింది. నాగమణమ్మ గంపను గట్టిగా పట్టుకుని, తన నాలుగు పెట్టలకూ పుంజుకూ మనసులోనే సెలవు చెప్పుకుంది.

"ఎందుకడుగుతున్ననంటే," అంది అబ్బాయి తల్లి, "మా ఇంట్ల ముప్పై కోళ్లు. పట్నం పిల్ల, గుడ్లు ఫ్రిజ్జులకెల్లే వస్తయనుకుంటదేమో అని తొవ్వ పొడుగూత అదే రంధి."

లక్ష్మీకాంతమ్మ తెరిచిన నోరు వేరే మాటతో కదిలింది. "మాదేనమ్మా! మా ప్రీతికి కోళ్లంటె పానం. పొద్దూకంగ లెక్కవెట్టుకోనిదే ముద్ద ముట్టది."

"అవు," అంది నాగమణమ్మ. "ఈక గూడ పాపనే దూర్చింది."

ఆ రోజు ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

"కడుమ కోళ్లు యాడున్నయి? సూద్దాం నడువున్రి," అంది అబ్బాయి తల్లి.

లక్ష్మీకాంతమ్మ వాళ్లను మంచినీళ్లతో ముందుగదిలో ఆపింది. నాగమణమ్మ ఇంటికి పరుగెత్తి, దొరికిన కోడిని దొరికినట్టు గోడ అవతలికి వేయసాగింది. వేణుగోపాల్ కళ్లు మూసుకుని అటువైపు పట్టుకుంటున్నాడు.

"అమ్ముతనని నేనంటే, నువ్వు ఉత్తగనే పంచుతున్నవా?" అన్నాడు మైసయ్య.

"ముచ్చట తర్వాత. పుంజును వట్టు."

గంటసేపు అబ్బాయి తల్లి పెరట్లో పీట మీద కూర్చుంది. ఒక్కో కోడిని ఒళ్లోకి తీసుకుని రెక్క చూసింది, గోళ్లు చూసింది. అబ్బాయికి కోళ్లంటే భయం. కుర్చీలో కాళ్లు రెండూ పైకి పెట్టుకుని షర్బత్తు లేని గ్లాసు పట్టుకున్నాడు. చివరికి ఆమె ఎర్రపెట్ట ముక్కులోంచి ఈక లాగేసింది.

"గింత ఆశపడ్డదాన్ని ఏడ్పియ్యొద్దు. గుడ్లేసి కూసోవెట్టున్రి. ఇర్వై ఒక్క దినాలకు పిల్లలైతయి, ఆనాడు మళ్లొస్తం. రెండు పెట్టపిల్లలు నాకే. మాకు గీ సంబంధం ఖాయమే."

అంతలో అబ్బాయి గడియారం చూసి పన్నెండుకు రాహుకాలమని గుర్తుచేశాడు. ఐదు నిమిషాల్లో కారు గల్లీ దాటింది.

లక్ష్మీకాంతమ్మ కొంగు బిగించి నాగమణమ్మ మీదికి వచ్చింది. గోడ పైనుంచి మైసయ్య తల కూడా లేచింది.

"పచ్చగున్నదంటివి గదనే! పచ్చగ! నీ సంగతి పెండ్లయినంక సూస్త. అప్పటిదాంక ఒక్క కోడికేమన్నయిందా, నేనూకోను. ఏం మైసయ్యా, అమ్ముతున్నవంట?"

"నేనా? ఎవలన్నరు?" అన్నాడు మైసయ్య.

"అమ్మితే మా ఇజ్జత్ అమ్మినట్టే. గోడల తొవ్వ కొట్టిస్త, అటిటు తిరగనీ. తవుడు మా ఇంట్లకెల్లే."

నాగమణమ్మ గంపలోంచి నిమ్మకాయలు తీసి గుడ్లు ఉంచింది. ఎర్రపెట్టకు తేడా తెలిసినట్టు లేదు.

అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుని పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్న ప్రీతి బయటికి వచ్చింది.

"నానమ్మా, పిలుస్తనని కూసోవెడితివి. ఇంకా రాలేదా వాళ్లు?"

పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లు పిల్లను చూడలేదన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.