తొమ్మిదో నంబరు భవనపు గొంతు చీటీ

మనుషులు కలిసి బతకడానికి ఇంతవరకూ కనిపెట్టిన సంస్థలన్నిటిలోనూ వంక పెట్టలేనిది టంటా పట్నంలోని తొమ్మిదో నంబరు భవనపు గొంతు చీటీ. దాని వ్యవస్థాపక అధ్యక్షుడు, హజ్ యాత్ర చేసొచ్చిన హాజ్ వఫ్దీ అలాగే నమ్మేవాడు. మంత్రులు మారారు, రొట్టె చిక్కిపోయింది, లిఫ్టు ఆగిపోయి నాలుగేళ్ళయింది. చీటీ సమావేశం మాత్రం ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు.

వఫ్దీది వేయించిన శనగల టోకు వ్యాపారం. డబ్బు చీటీలు ఆ ఊళ్ళో ప్రతి మెట్ల దారిలోనూ ఉన్నవే. మాత్రల చీటీ మాత్రం ఆయన బుర్రలో పుట్టింది. రెండు చలికాలాల కిందట తన గొంతు నొప్పికి డాక్టరు రాసిన పెట్టెను ముందు పెట్టుకుని ఆలోచించాడు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, పది రోజులకు ఇరవై మాత్రలు. నొప్పి మూడో రోజుకే పోయింది. అంటే పని చేసినవి ఆరు. మిగతా పద్నాలుగూ పని లేకుండా కూర్చున్న కూలీలు. అలాంటివాళ్ళని పోషించి బాగుపడ్డ వ్యాపారిని ఆయన చూడలేదు.

అలా చీటీ పుట్టింది. ఎవరు మందు కొన్నా ఆరు మింగి పద్నాలుగు జమ చేయాలి. గొంతు నొప్పి వచ్చిన సభ్యుడికి వంతు ప్రకారం ఆరు అందుతాయి. డాక్టరు అవసరం లేదు. (డాక్టరుకైతే నాలుగు గంటలు కూర్చోవాలి. చీటీకి మెట్ల మలుపు దాకా వస్తే చాలు.)

నాలుగో అంతస్తు మదామ్ తహానీ కార్యదర్శి. జనన మరణాల నమోదు కార్యాలయంలో ముప్పై రెండేళ్ళు పనిచేసి, పదవీ విరమణ రోజున ముద్ర అప్పగించి వచ్చేసినా, చెయ్యి మాత్రం ఇంకా అలవాటు మానలేదు. ఆవిడ కొత్త ముద్ర చేయించింది. మాత్రల్ని ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి తాళం వేసింది. గొంతు చూపించడానికి వచ్చినవాళ్ళు మూడో మెట్టు మీద నిలబడి, టార్చి వెలుగులో, నాలుగు సెకన్లకు తగ్గకుండా "ఆ" అనాలని నిబంధన రాసింది. ముక్కు కారేవాళ్ళనీ, దగ్గేవాళ్ళనీ కూడా చేర్చుకున్నారు, గొంతు గొంతుకీ తేడా చూపడం చీటీ సూత్రాలకు విరుద్ధం కనుక. కువైట్ నుంచి ఎవరి మొగుడో పంపిన ఎర్ర-పసుపు గొట్టం మాత్రలు ఒకటికి రెండు తెల్ల మాత్రల చొప్పున మారకం అయ్యేవి. నేలమాళిగలో ఉండే కాపలాదారు దరఖాస్తును, నేలమాళిగ అంతస్తు కిందికి రాదన్న కారణంతో, విచారంతో తిరస్కరించారు.

ఈ జనవరిలో వఫ్దీ కూతురు నెస్మాకి గొంతు పట్టింది. తొమ్మిదేళ్ళ పిల్ల. జ్వరంతో కాలిపోతోంది, దవడ కింద గడ్డలు కట్టాయి, ఉమ్మి మింగలేక ఏడుస్తోంది, దగ్గు మాత్రం లేదు. చీటీలో పిల్లల వాటా ఇంకా చర్చలో ఉండడం వల్ల భార్య ఇన్సాఫ్ పిల్లని నేరుగా డాక్టర్ ఇరీనీ దగ్గరికి తీసుకెళ్ళింది. వఫ్దీ వెనకాలే వెళ్ళాడు.

డాక్టరమ్మ పుల్లకి దూది చుట్టి గొంతులో తిప్పి, చిన్న పట్టీ మీద పరీక్ష చేసింది. రెండు గీతలు వచ్చాయి.

"స్ట్రెప్ అనే క్రిమి హాజ్. గొంతు నొప్పులు చాలావరకు వాటంతటవే పోతాయి, వాటికి ఈ మందు అక్కర్లేదు. దీనికి మాత్రం కావాలి. పది రోజులు. ఒక్క పూట కూడా తప్పకూడదు."

"నొప్పి మూడో రోజుకే పోతుందిగా డాక్టరమ్మా. మిగతా ఏడు రోజుల మందూ ఎవరికి?"

"క్రిమికి. నొప్పి పోయినా అది లోపల దాక్కునే ఉంటుంది. దాన్ని అలా వదిలేస్తే, దాని మీదికి లేచిన ఒంటి సైన్యం కొందరు పిల్లల్లో దారి తప్పి కీళ్ళ మీద పడుతుంది, గుండె మీద పడుతుంది."

వఫ్దీ మర్యాదగా నవ్వాడు. ఏ సరుకైనా అమ్మేవాడు కాస్త భయపెట్టే అమ్ముతాడని ఆయనకు తెలుసు. ఆవిడ ఆ నవ్వు చూసింది.

"మీ గోదాములో శనగలకి పురుగు పడితే ఏం చేస్తారు?"

"బిళ్ళలు పెట్టి, టార్పాలిన్ కప్పి, అంచులు మట్టితో మూసేస్తాం. పది రోజులు."

"మూడో రోజుకి పురుగు కనబడకపోతే?"

"అయినా తెరవం డాక్టరమ్మా! గుడ్లు ఉంటాయిగా. నెల తిరిగేసరికి మూటంతా పిండే."

"మరి ఇక్కడ?"

"అది సరుకు డాక్టరమ్మా," అన్నాడు వఫ్దీ ఓపికగా, "ఇది పిల్ల."

మూడో రోజు సాయంత్రం నెస్మా లేచి కూర్చుని, వేడి వేడి తామియా వడలు కావాలని గొడవ చేసింది. నాలుగు తిని, వసారాలో తాడాట మొదలెట్టింది. వఫ్దీ పెట్టె మూశాడు.

"డాక్టరమ్మ పది రోజులంది, నెస్మా నాన్నా," అంది ఇన్సాఫ్.

"డాక్టరమ్మకి తాడాట కనబడదుగా."

"కనీసం ఈ పెట్టైనా మనింట్లో ఉండనియ్యి. ఒక్కగానొక్క పిల్ల."

"అధ్యక్షుడే దాచుకుంటే ఇక చీటీ ఏం నిలబడుతుంది ఇన్సాఫ్?"

ఆ శుక్రవారం నమాజు తర్వాత, మెట్ల మలుపులో, అందరూ చూస్తుండగా ఆయన పద్నాలుగు మాత్రలు జమ చేశాడు. చప్పట్లు కొట్టారు. పిల్లల ఖాతాలో తొలి జమ అని తహానీ రసీదు మీద రెండుసార్లు ముద్ర కొట్టింది. రెండో అంతస్తు బడిపంతులుగారు కళ్ళు తుడుచుకున్నారు. (ఆయనకి జలుబు. తర్వాతి వంతు ఆయనదే.)

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం నెస్మా మోకాలు బత్తాయిపండులా ఉబ్బింది. రెండు రోజులకు మోకాలు తగ్గి చీలమండ ఉబ్బింది. ఆ తర్వాత మోచెయ్యి. మెట్లెక్కుతూ పిల్ల మధ్యలో కూర్చుండిపోయేది.

"తాడాట ఎక్కువైంది," అన్నాడు వఫ్దీ.

"తాడాట మోచేత్తో ఆడతారా?" అంది ఇన్సాఫ్, చెప్పులు వేసుకుంటూ.

డాక్టర్ ఇరీనీ పిల్ల గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. వఫ్దీకి ఆ వినడం తెలుసు. మూటలో చెయ్యి పెట్టి, శనగల గలగలలో తేడా పట్టేటప్పుడు తనూ అలాగే కళ్ళు మూసుకుంటాడు. తర్వాత గుండెకి బొమ్మ తీయించారు.

"ఒక కవాటం సరిగా మూసుకోవట్లేదు. రక్తం వెనక్కి కారుతోంది," అంది ఆవిడ. "మాత్రలు ఎన్ని రోజులు వేశారు?"

తూకంలో ఎన్నడూ అబద్ధమాడని మనిషి వఫ్దీ. "మూడు," అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకి. కాగితం మీద రాస్తూ చెప్పింది: "ఇకనుంచి మూడు వారాలకోసారి సూది. తుంటికి. నొప్పిగానే ఉంటుంది, కానీ తప్పదు. గొంతు మళ్ళీ పట్టిందంటే గుండె ఇంకా చెడుతుంది. ఇరవై ఒక్కేళ్ళు వచ్చేదాకా మాత్రం ఖాయం. ఆ తర్వాత చూసి చెబుతాను."

నెస్మా తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. "నాన్నా, సూదికి కూడా మూడు చాలు కదా? మిగతావి చీటీలో వేసేద్దాం."

వఫ్దీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి నడుస్తుంటే ఆయన అడగకుండానే బుర్ర లెక్క కట్టేసింది. పన్నెండేళ్ళు, మూడు వారాలకొకటి. రెండు వందల ఎనిమిది సూదులు. మిగిల్చినవి పద్నాలుగు మాత్రలు.

శుక్రవారం ఆయన మూడో మెట్టు మీద నిలబడ్డాడు. "డబ్బా మూసేద్దాం. డాక్టరు చూసి వేసుకోమన్నవాళ్ళే వేసుకోండి. ఇచ్చినవన్నీ వేసుకోండి. నా పిల్లకి గుండె దెబ్బతింది," అన్నాడు.

అందరూ చాలా బాధపడ్డారు. ఒకావిడ సోంపు కషాయం పంపిస్తానంది. తహానీ కళ్ళజోడు సవరించుకుంది.

"దేవుడు పిల్లని చల్లగా చూడాలి హాజ్. కానీ మీరు చెప్పింది మోకాలు, గుండె. మనది గొంతు చీటీ. ఆ పిల్ల గొంతు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"అయితే చీటీ వైపునుంచి లోపం లేదు. అలాగే రాస్తాను."

"వచ్చే వారం మళ్ళీ నా వంతు ఉంది," అన్నారు పంతులుగారు, ఎక్కడో చూస్తూ.

"అయితే నా పద్నాలుగూ నాకిచ్చేయండి," అన్నాడు వఫ్దీ.

జమ వాపసుకి ఫారం ఉంది. దాని మీద ముగ్గురి సంతకాలు కావాలి, మూడోది అధ్యక్షుడిది. వఫ్దీ తన దరఖాస్తును తానే మంజూరు చేసుకున్నాడు. తహానీ తాళం తీసి మాత్రల్ని ఒక్కొక్కటిగా ఆయన అరచేతిలో పెట్టింది. ఏ సరుకునైనా చూసుకున్నట్టే ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగు.

ఫారం అడుగున 'సభ్యుడికి కలిగిన నష్టం' అని ఒక గడి ఉంది. అది పెట్టించింది ఆయనే. ఖాళీగా వదిలితే ఫారం చెల్లదు. కలం పట్టుకుని వఫ్దీ ఆ గడిని చాలాసేపు చూశాడు. పైన మూడో అంతస్తు దగ్గర నెస్మా మెట్టు మీద కూర్చుని, ఊపిరి అందేదాకా ఆగుతోంది.

"లేదు అని రాయండి హాజ్," అంది తహానీ మెల్లగా, "లెక్క సరిపోయిందిగా."

ఆయన అలాగే రాశాడు. ఆవిడ ముద్ర కొట్టింది.