ఒకే తానులో ముక్కలు

ఆ రోజు ఉదయం ప్లాను చాలా చిన్నది. ఫ్లాస్కు నిండా టీ పోసుకోవడం, లాడ్జి నుంచి సముద్రం దాకా నడిచి వెళ్ళడం, టైలరు భార్య నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం, మధ్యాహ్నం బస్సుకు ఇంటికి వచ్చేయడం. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదని టైలరు అనుకున్నాడు. చోటు లేకపోయినా సర్దుకుని కూర్చోవడం పొరపాటుకు కొత్తేమీ కాదు.

భార్యకు ఆ కోరిక ఇవాళ్టిది కాదు. దుకాణంలో ఆయన కత్తిరిస్తే ఆవిడ కుట్టేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ పాదాలు మెషిను పెడలు మీదే ఉన్నాయి. ఆ మెషినుకు కింద చక్రాలుంటే ఈపాటికి భూమి చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ బయల్దేరేది. పైగా దుకాణానికి వచ్చిన ప్రతివాడూ అడిగేది ఆవిడనే. అయిందా, ఎప్పుడవుతుంది, నా గుండీ ఏది, నిన్న ఇస్తానన్నారుగా.

"నాకు పెద్ద కోరికలేం లేవండీ," అంది ఆవిడ లాడ్జి మెట్లు దిగుతూ. "ఒక్క పూట నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను. ఆ కాసేపూ నన్నెవరూ ఏమీ అడక్కూడదు. అంతే."

"ఇక్కడెవడు అడుగుతాడే? మనమెవరో ఎవరికి తెలుసు?" అన్నాడు టైలరు.

టైలరు పొదుపరి. ఆయన తీసుకున్న లాడ్జి గదికి కిటికీ ఉంది, కానీ ఆ కిటికీ తెరిస్తే పక్కింటి గోడ లోపలికి వస్తుంది. పక్కగదిలో గురక ఆగినప్పుడు మాత్రం సముద్రం వినిపిస్తుంది. తిండి ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నారు. బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు, ఉప్పు పొట్లం. ఉప్పు అక్కడ సముద్రంలో బోలెడుంది కదా, మోత ఎందుకని చివరి నిమిషం దాకా వాదించాడు టైలరు.

అసలు పొదుపంతా బట్టల్లో చూపించాడు. బట్టలకొట్టు మూల ఎవరూ ముట్టుకోని తాను ఒకటి పడి ఉంటే కారుచౌకగా తెచ్చాడు. పండి పండి ఇంక చెట్టు మీద ఆగలేని నారింజ రంగు. ఆ ఒక్క తానులోంచే తనకూ, భార్యకూ, వెంట వచ్చిన అత్తగారికీ, బావమరిదికీ చొక్కాలు కుట్టేశాడు. మిగిలిన గుడ్డతో టోపీలు, సంచులు, ఇసుకలో పరుచుకోవడానికి దుప్పటి. ఆ మిగిలినదాంట్లో మిగిలినదానితో ఫ్లాస్కుకు తొడుగు.

ఒక్క చిక్కుంది. టైలరు బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కుట్టింది యూనిఫాములే. బళ్ళకు, ఆస్పత్రులకు, గేట్ల దగ్గర కాపలావాళ్ళకు. ఆ చేతికి వేరే కోత రాదు. ఒకసారి పక్కింటావిడ కిటికీ తెర కుట్టమంటే దానికీ రెండు జేబులు పెట్టి, జేబులకు మూతలు కుట్టిచ్చాడు.

"అల్లుడుగారూ, నా భుజాల మీద ఈ పట్టీలేంటి?" అంది అత్తగారు దారిలో.

"సంచీ జారిపోకుండా అత్తయ్యగారూ."

"నా వెనకాల ఎవరో నడుస్తూ కాలు కలుపుతున్నారు. అదేంటి మరి?"

"అది నేనేనమ్మా," అన్నాడు బావమరిది. "ఈ చొక్కా వేసుకున్న కాణ్ణుంచీ కాళ్ళు వాటంతటవే లెఫ్టు రైటు పడుతున్నాయి."

ఒడ్డున పెద్ద హోటలొకటి ఉంది. దాని ముందు ఇసుకంతా జనం. కాస్త ఎడంగా దుప్పటి పరిచారు. అత్తగారు దాని మీద చతికిలబడింది. బావమరిది గుడ్లు ఒలవడం మొదలుపెట్టాడు. టైలరు భార్య చెప్పులు విప్పి, నీళ్ళ వైపు నాలుగడుగులు వేసిందో లేదో, పొట్టినిక్కరు వేసుకున్న ఒక లావుపాటి ఆసామి అడ్డం వచ్చాడు.

"అమ్మా, బట్టలు మార్చుకునే గదెక్కడ?"

వచ్చేటప్పుడు చూసింది కాబట్టి, "అదిగో, ఆ పచ్చగోడ వెనకాల," అంది ఆవిడ.

అదీ పొరపాటు. అడిగినదానికి సరైన జవాబు చెప్పినవాళ్ళను లోకం వదిలిపెట్టదు. ఆసామి వెళ్ళి ఇంకో ఇద్దరికి చెప్పాడు. ఆ ఇద్దరూ నలుగురిని వెంటబెట్టుకు వచ్చారు. తాగే నీళ్ళెక్కడమ్మా, నీడెక్కడమ్మా, మా ఆయన ఎక్కడమ్మా. ఆవిడ ఒక్కొక్కరికీ చెబుతూ నీళ్ళ వైపు జరుగుతుంటే, అల వచ్చి ఆవిడ కాలి వేలి కొస దాకా చూసి వెనక్కి పోతోంది.

ఈలోపు ఎవరో వచ్చి అత్తగారి పక్కన చెప్పులు విడిచారు.

"ఏంటివి?" అంది అత్తగారు.

"కాస్త చూస్తుండండమ్మా, ఇప్పుడే వస్తాం."

అత్తగారు ఒక పని ఒప్పుకుంటే ప్రాణం పోయినా వదిలే మనిషి కాదు. చూస్తూ కూర్చుంది. ఆ చెప్పులను చూసి ఇంకొకరు విడిచారు. వాటిని చూసి బస్సులో వచ్చినవాళ్ళంతా విడిచారు. కాసేపటికి గుట్ట ఎంత ఎత్తు పెరిగిందంటే, దాని నీడలో ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని పడుకుంది.

"ఏవమ్మా, చూసుకుని విడవాలి కదా! ఎడమ కాలిది ఇక్కడ, కుడి కాలిది అక్కడ. ఇంట్లో కూడా ఇంతేనా?" అని అత్తగారు గదమాయించడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళకు తనకు తగిన ఉద్యోగం దొరికిన కళ వచ్చింది ఆవిడ ముఖంలో.

బావమరిదికి ఉప్పు కనిపించలేదు. అక్కను అడుగుదామని రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని గట్టిగా ఈల వేశాడు. ఆ ఈలకు లోతు నీళ్ళలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడి ఒడ్డు వైపు వచ్చేశారు.

"ఏమయ్యా, ఇక్కడిదాకా పర్లేదా?" అని అరిచాడు ఒకాయన మోకాలి లోతులో నిలబడి.

బావమరిది చేతిలో గుడ్డు పట్టుకుని తల ఊపాడు. ఆయన అక్కడే ఆగిపోయి, తక్కినవాళ్ళను కూడా ఆపాడు.

సరిగ్గా అప్పుడే హోటలు మేనేజరు ఇసుకలో బూట్లు ఈడ్చుకుంటూ వచ్చాడు. టై కట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. టైలరును చూడగానే ప్రాణం లేచొచ్చినట్టయింది ఆయనకు.

"వచ్చారా! ఒడ్డు పనికి మనుషుల్ని తెల్లారేసరికే పంపిస్తామన్నాడు ఏజెంటు. ఇదా రావడం? కుర్చీలెవరు వేస్తారు?"

"అయ్యో, మేం సెలవు మీద వచ్చామండీ," అన్నాడు టైలరు.

"పనిలో చేరిన మొదటి రోజే సెలవా?"

"అదికాదు సార్, నేను టైలర్ని..."

"నువ్వు కలెక్టరువైనా సరే, కుర్చీలు ముందు!"

టైలరు నోటికి కాదనే మాట అలవాటు లేదు. గిరాకీ మీద కోప్పడకుండా బతికిన మనిషి. అలవాటైన మాట ఒక్కటే ఉంది, అదే వచ్చింది.

"రేపు వేస్తాను సార్. తప్పకుండా రేపు."

"రేపేంటయ్యా! జనం ఇవాళ నిలబడి ఉంటే!" అని మేనేజరు ఆయన రెండు చేతుల్లో రెండు కుర్చీలు పెట్టాడు. టైలరు అవి తీసుకెళ్ళి వేశాడు. కుర్చీలు వేసే మనిషి కనిపిస్తే కుర్చీ వద్దనుకున్నవాళ్ళకు కూడా కాళ్ళు నొప్పి పుడతాయి. నాలుగు దిక్కుల నుంచీ పిలిచారు.

మూడోసారి కుర్చీలు మోస్తూ భార్య పక్కగా వెళ్ళాడు. ఆవిడ ఒకరి పసిపిల్లను ఎత్తుకుని, ఇంకొకరి తడి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉంది. కాళ్ళు ఇంకా పొడిగానే ఉన్నాయి.

"ఏవండీ, బస్సు టైమైపోతోంది. ముందు మీరా చొక్కా విప్పేయండి. అదే ఈ గొడవంతా తెచ్చింది."

"అవును సుమా!" అని టైలరు చటుక్కున చొక్కా విప్పాడు. లోపల బనీను. అదీ నారింజ రంగే. దానికీ భుజం పట్టీలు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. "బనీను కూడానా?"

"గుడ్డ మిగిలిందే. పారేస్తామా?"

ఇంతలో దేవుడు పంపినట్టు ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి కొందరు కుర్రాళ్ళు దిగారు. ఏజెంటు పంపిన అసలు మనుషులు వాళ్ళే. టైలరు కుర్చీలు కింద పడేసి మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, సార్! వీళ్ళే అసలువాళ్ళు. మమ్మల్ని వదిలేయండి!"

మేనేజరు వాళ్ళను ఎగాదిగా చూశాడు. ఒకడు గళ్ళ చొక్కా, ఒకడు గీతల చొక్కా, ఒకడి మీద పులి బొమ్మ.

"వీళ్ళా? వీళ్ళ భుజం మీద పట్టీ ఏది? జేబుకు మూత ఏది?" అన్నాడు. "ఏమయ్యా, ముందు యూనిఫాం కుట్టించుకుని రండి. అప్పటిదాకా అక్కడ కూర్చోండి."

కుర్రాళ్ళు వాదించలేదు. ఎండ గట్టిగానే ఉంది, చెప్పుల గుట్ట నీడా గట్టిగానే ఉంది. అత్తగారి చేతికి తమ చెప్పులు కూడా అప్పగించి, టైలరు వేసిన కుర్చీల్లో వెనక్కి వాలారు. బావమరిది వాళ్ళకు తలా ఒక గుడ్డు ఇచ్చాడు. వాళ్ళలో పులి బొమ్మవాడు ఉప్పు అడిగాడు.

అక్కడి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ నేరుగా అత్తగారి దగ్గరికి వచ్చింది.

"నిన్న అలలు మెత్తగా ఉన్నాయమ్మా. ఇవాళ నడుం మీద కొడుతున్నాయి. ఎవరికి చెప్పుకోవాలి?"

"చెప్పారుగా, చూస్తాం," అంది అత్తగారు.

"నీళ్ళలో ఉప్పు మరీ ఎక్కువైంది," అన్నాడు ఇంకొకాయన.

"నోట్లోకెందుకు పోనిచ్చావు? స్నానానికొచ్చావా, రుచి చూడ్డానికొచ్చావా?"

"మా ఆవిడ ఎండ చాలట్లేదంటోందండీ."

"కొంచెం అటు జరగమను నాయనా. అంతా ఒకచోటే కూర్చుంటే ఎండ ఎంతమందికని సరిపోతుంది?"

ఆయన నిజమేనని తల ఊపి వెళ్ళి భార్యను జరిపాడు. చెప్పుల గుట్ట దగ్గర మాత్రం సమాధానాలతో పని జరగలేదు. పైనున్న చెప్పులన్నీ చివర వచ్చినవాళ్ళవి, ముందు వెళ్ళాల్సినవాళ్ళవి అడుగున. ఎవరో అడుగున లాగారు. గుట్ట మొత్తం కుర్రాళ్ళ మీద కూలింది. అరుపులు. ఎడమ చెప్పులు రెండు దొరికినాయన కుడి చెప్పులు రెండు దొరికినాయన మీద ఎగబడ్డాడు. నలుగురూ అత్తగారిని అడిగితే ఆవిడ కూతుర్ని చూపించింది. మేనేజరును అడిగితే ఆయనా ఆవిడనే చూపించాడు. టైలరును అడిగితే "రేపు ఇస్తాం" అని ఆయన కూడా భార్య వైపే చూశాడు.

దాంతో ఒడ్డు మీద ఉన్న జనమంతా టైలరు భార్య చుట్టూ మూగారు. అమ్మా, నా చెప్పు. అమ్మా, నా కుర్చీ. అమ్మా, ఆ అల. ఆవిడకు సముద్రం కనిపించడం కూడా మానేసింది. కనిపిస్తున్నదల్లా అడుగుతున్న నోళ్ళు. దూరంగా బస్సు స్టాండులో హారను మోగింది. వాళ్ళ బస్సు కాదు, దాని ముందు బస్సు. అయినా ఆవిడ ఇంక ఈ జన్మకు ఇంతే కాబోలు, సముద్రం దాకా వచ్చి కూడా పొడి కాళ్ళతో పోవాలి కాబోలు అనుకుంది.

ఆ పైన ఏమైందో ఆవిడకే తెలీదు. ఎత్తుకున్న పిల్లను తల్లికిచ్చింది. తువ్వాలు తీసి మేనేజరు భుజాన వేసింది. టోపీ సరిచేసుకుంది. సాయంత్రం పూట దుకాణం షట్టరు సగం దించి, ఆఖరి గిరాకీని బయటికి పంపే గొంతు ఒకటుంది ఆవిడకు. అది తీసింది.

"జరగండి! అందరూ నీళ్ళలోంచి బయటికి రండి! సముద్రం మూసేశాం!"

ఒక్కరు కూడా నవ్వలేదు. ఒక్కరు కూడా ఎందుకనలేదు. మోకాలి లోతులో ఉన్నాయన ముందుగా బయటికి నడిచాడు. ఆయన వెనక నల్లకళ్ళద్దాలావిడ, ఉప్పాయన, ఈతగాళ్ళు, తేలేవాళ్ళు, మునిగేవాళ్ళు. దూరాన చేపల పడవ ఒకటి ఈ కేక విని ఆగి, ఇటు తిరగాలా అటు తిరగాలా అని కాసేపు ఊగి, అటే తిరిగింది.

"మళ్ళీ ఎప్పుడు తెరుస్తారమ్మా?" అన్నాడు లావుపాటి ఆసామి వినయంగా.

"నేను చెప్పినప్పుడు."

"స్టాఫు చెప్పాక వినాలండీ, వెనక్కి, వెనక్కి," అంటూ మేనేజరు చేతులు చాపి జనాన్ని నెట్టాడు. బావమరిది ఈల వేశాడు. అసలు కుర్రాళ్ళు కూడా లేచి ఒక తాడు తెచ్చి అడ్డంగా పట్టుకున్నారు.

టైలరు భార్య ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళింది. తడి ఇసుక మీద కూర్చుని కాళ్ళు చాపింది. మొదటి అల వచ్చి మడమలు తడిపింది. రెండోది పిక్కల దాకా వచ్చింది. ఎంత పెద్ద సముద్రం! చుట్టూ ఒక్క మనిషి లేడు, ఒక్క ప్రశ్న లేదు. ఆవిడ రెండు చేతులూ వెనక్కి ఆనించి, పాదాలను నీళ్ళలో ఊరికే అటూ ఇటూ ఊపింది. వాటికి ఊరికే ఊగడం కూడా వచ్చని ఆవిడకు అప్పుడే తెలిసింది.

అది చూసి టైలరుకు మనసు కరిగింది. ప్యాంటు మడుచుకుని, తాడు కింద నుంచి దూరి, మెల్లగా ఆవిడ పక్కకు వచ్చాడు.

"మీరెక్కడికి?" అంది ఆవిడ తల తిప్పకుండానే.

"అదేంటే, నేను నీ మొగుణ్ణి!"

"మూసేశామని చెప్పానా లేదా? వెళ్ళి అక్కడ నిలబడండి. ఎవరినీ రానివ్వకండి."

టైలరు వెనక్కి తిరిగాడు. తాడు దగ్గరికి వచ్చి, జనం వైపు ముఖం పెట్టి, బనీను మీద భుజం పట్టీలు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

సముద్రం మూసేసిన సంగతి అలలకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.