ఓర్విల్ ఇంజన్‌లో ఏనుగు తొండం

శనివారం పొద్దున ఓర్విల్ టెస్‌డాల్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పాన్‌కేకులు తినేసి, ఇంజన్‌కి మిగిలిన ఒక్క పరీక్షా ముగించి, దాన్ని కారులోకి దింపి, సాయంత్రం సంత మైదానంలోని మట్టి ట్రాక్ మీద వెర్నన్ క్లాకీని ఓడించడం. ఈ సీజన్‌కి అదే ఆఖరి పందెం. ఏళ్ళ తరబడి వెర్నన్ వెనకే రెండోవాడిగా వచ్చి వచ్చి, ఓర్విల్‌కి సొంత పెళ్ళాం ముఖం కంటే వెర్నన్ కారు వెనకభాగం బాగా గుర్తుండిపోయింది.

ఆ మిగిలిన పరీక్ష సంగతి ఏమిటంటే, ఈసారి బలం కోసం అతను ఇంజన్ నడిమి ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, పెద్దది వేశాడు. దాంతో పిస్టన్లని దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లు మునుపటికంటే వెడల్పుగా తిరుగుతాయి. వాటి బోల్టుల తలలు, వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్‌ని దాదాపు రాసుకుంటూ పోతాయి. మధ్యలో కనీసం ఓ డైమ్ నాణెం మందమంత సందు లేకపోతే ఒకదాన్నొకటి కొట్టుకుని, ఇంజన్ ముక్కలై ట్రాక్ నిండా పరుచుకుంటుంది. అందుకని బోల్టుల మీద మెత్తని మట్టి అంటించి, ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పి, నొక్కుకుపోయిన మట్టి ఎంత మందం మిగిలిందో చూస్తారు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితేగాని కామ్ ఒక్క చుట్టు తిరగదు కాబట్టి రెండు చుట్లూ తిప్పాలి.

తీరా చూస్తే మట్టి లేదు.

"ఫ్రిజ్‌లో ఉంది కద బావా," అన్నాడు మెర్ల్. అతను ఓర్విల్ భార్య లవాన్‌కి తమ్ముడు. సలహా ఇవ్వడానికి ఏనాడూ వెనకాడినవాడు కాడు.

ఫ్రిజ్‌లో ఉన్నది నోవహు ఓడ, బైబిలు కథలో జలప్రళయం నుంచి కాపాడటానికి జంతువుల్ని జతలుగా ఎక్కించిన ఓడ. లవాన్ దగ్గర బైబిలు పాఠాలు నేర్చుకునే పిల్లలు చర్చి ఉత్సవం కోసం రంగుమట్టితో జంతువులు చేశారు. ఆగస్టు ఎండకి అవి కరిగి కూలబడకుండా లవాన్ వాటిని వెన్న పక్కన దాచింది. మధ్యాహ్నం పాస్టర్ గారు వచ్చి పట్టుకెళతారు.

"ఒక్క ఏనుగు చాలు," అన్నాడు మెర్ల్, ఆకుపచ్చగా లావుగా ఉన్నదాన్ని తీస్తూ. "పని కాగానే మళ్ళీ ఏనుగుని చేసి పెట్టేద్దాం. అక్క బజారునుంచి వచ్చేలోపు అయిపోతుంది."

ఏనుగుని చిదిమి బోల్టులకి అంటించారు. మెర్ల్ తిప్పాడు, ఓర్విల్ టార్చి పట్టాడు. ఒక చుట్టు పూర్తయిందో లేదో, బయట లవాన్ కారు చప్పుడు! రెండో చుట్టు గాలికి పోయింది. గబగబా మట్టి ఒలిచి చూస్తే అన్నిచోట్లా డైమ్ కంటే మందంగానే ఉంది. ఇంజన్ అడుగున మూతలా ఉండే ఆయిల్ పాన్ బిగించేశారు. అదృష్టంకొద్దీ లవాన్ కంచె దగ్గర పక్కింటావిడతో కబుర్లలో పడింది.

ఇద్దరూ షెడ్డులో కూర్చుని ఏనుగుని చేయబోయారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్నట్టు, నాలుగు కాళ్ళూ ఒళ్ళూ అయ్యేసరికి మట్టి అయిపోయింది. తొండానికి లేదు.

"తొండం ఏదిరా?"

"నీ దగ్గర లేదా బావా?"

ఇద్దరూ ఇంజన్ వైపు చూశారు. మట్టి ముక్క లోపల ఉండిపోతే, అది నూనె దారిలో అడ్డం పడితే, ఇంజన్ ట్రాక్ మీద మూడు చుట్లు కూడా పరిగెత్తదు.

"తొండం ఉండటం నువ్వు చూశావా?"

"కళ్ళారా చూశాను! ఇంతుంది," అని మెర్ల్ జానెడు చూపించాడు.

"అవును, నాకూ గుర్తే. కొస వంపు తిరిగి ఉంది," అన్నాడు ఓర్విల్.

పాన్ మళ్ళీ ఊడదీశారు. ఇంజన్‌ని తలకిందులు చేశారు. అప్పుడే లవాన్ గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకా బిగించలేదా? ఏం పోయింది?"

మెర్ల్ తడుముకోకుండా, "బోల్టు అక్కా. చిన్న బోల్టు," అన్నాడు.

"దానికంత ఏడుపు ముఖాలెందుకు? పాస్టర్ గారి దగ్గర తాడు కట్టిన అయస్కాంతం ఉంది. ఎలాగూ వస్తున్నారుగా, తెమ్మంటాను," అని ఆమె ఫోను దగ్గరికి వెళ్ళింది.

ఆ ఊళ్ళో ఫోను ఒకరికి చేస్తే సరిపోతుంది. అరగంటలో పాస్టర్ హాల్వర్ గారూ, ఆయన వెంట చర్చి మగవాళ్ళు సగం మందీ, ఎవరి అయస్కాంతం వాళ్ళు పట్టుకుని దిగారు. ఆడవాళ్ళు హామ్ శాండ్‌విచ్‌లూ, చర్చి కాఫీ డ్రమ్మూ తెచ్చారు. అయస్కాంతాలు ఇంజన్‌లోకి దిగాయి, పైకొచ్చాయి. అయస్కాంతానికి మట్టి తొండం అంటుకోదని తెలిసిన ఇద్దరూ బోల్టు కోసం వెతుకుతున్నట్టు నటించారు.

"బోల్టు దొరికేదాకా కదలం ఓర్విల్. నువ్వేం బెంగపడకు," అన్నారు పాస్టర్ గారు, రెండో శాండ్‌విచ్ అందుకుంటూ.

వీళ్ళు వెళితేగాని తొండాన్ని వెతకలేమని మెర్ల్‌కి అర్థమైంది. అందరూ కాఫీ వైపు తిరిగిన క్షణంలో జేబులోంచి ఓ బోల్టు తీసి ఇంజన్‌లో జారవిడిచాడు. మరుక్షణం పాస్టర్ గారి అయస్కాంతం దాన్ని పట్టుకొచ్చింది. షెడ్డు దద్దరిల్లేలా చప్పట్లు.

ఓర్విల్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "బోల్టా? ఇది ఎక్కడిది? నా ఇంజన్‌లో నిజంగానే ఒకటి ఊడిందా!"

"అది వదిలెయ్యి బావా," అని మెర్ల్ గొణిగాడు.

"వదిలేదేమిట్రా! ఎక్కడ ఊడిందో తెలియకుండా ట్రాక్ ఎక్కమంటావా?" అంటూ ఓర్విల్ స్పానర్ తగిలించి, ఒక్కో రాడ్డునీ పట్టి చూసుకుంటూ ఇంజన్‌ని తిప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు సాఫీగా పోయింది. రెండో చుట్టు సగంలో, టక్ మని ఆగిపోయింది.

వంగి టార్చి వేసి చూశాడు. మూడో రాడ్డు బోల్టు తల కామ్‌షాఫ్ట్‌కి గట్టిగా ఆనుకుని ఉంది. డైమ్ సంగతి అటుంచి, కాగితం కూడా దూరదు.

ఓర్విల్ అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రం తను ఏమయ్యేవాడో అతనికి కళ్ళకు కట్టింది. తర్వాత పట్టరాని సంతోషం పొంగుకొచ్చింది. ఆ సంతోషంలో అన్నీ చెప్పేశాడు.

"లవాన్, నన్ను క్షమించు! నీ ఏనుగు తొండమే నన్ను కాపాడింది! దానికోసమే ఇంజన్ విప్పాం. అది ఇంకా లోపలే ఉంది!"

"ఏ ఏనుగు?"

మెర్ల్ తలవంచుకుని ఆకుపచ్చ బొమ్మని చూపించాడు. లవాన్ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఈ ఆకుపచ్చది నీటి గుర్రం," అంది. "దీనికి తొండం ఎప్పుడేడ్చింది?"

"జానెడు ఉందన్నావు కదరా!" అన్నాడు ఓర్విల్.

"కొస వంపు తిరిగిందన్నది నువ్వే కద బావా! మరి నేను వేసిన బోల్టు కూడా..." అని మెర్ల్ అప్పుడే ఒప్పుకుని మంచిపని చేశాడు. అందరూ నవ్వులో ఉండటంతో దెబ్బలు తప్పాయి.

రాడ్డు విప్పి బోల్టు తల అంచుని సానరాయి మీద అరగదీశారు. మళ్ళీ పరీక్షించాలంటే మట్టి కావాలి. అప్పటికి మొదటి నీటి గుర్రం, దొరికినవాడల్లా పిసికి చూడటంతో, దుమ్మూ గ్రీజూ పట్టి పనికిరాకుండా పోయింది. పాస్టర్ గారు ఓ క్షణం ఆలోచించి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, రెండో నీటి గుర్రాన్ని తెచ్చి ఓర్విల్ చేతిలో పెట్టారు.

"జతలుగా ఎక్కించమన్నది ఇందుకేనేమో," అన్నారు.

ఈసారి చర్చి మొత్తం గొంతెత్తి లెక్కపెట్టింది. "ఒకటీ! రెండూ!" మట్టిని కోసి చూస్తే, మూడో రాడ్డు మీద డైమ్ కంటే కాస్త మందంగా ఉంది. అంతమంది చేతులు పడితే ఇంజన్ కారులోకి ఎక్కడం ఎంతసేపు!

ఆ సాయంత్రం ఆఖరి మలుపులో ఓర్విల్ బయటివైపు నుంచి వెర్నన్‌ని దాటేశాడు. ఎదుట ఏ కారూ లేని ట్రాక్ చూడటం అలవాటు లేక, గెలిచిన సంగతి తెలియక ఇంకో చుట్టు తిరిగాడు. లవాన్ కంచె ఎక్కి అరిచిన అరుపుకి ఆమె గొంతు వారం రోజులు రాలేదు.

మర్నాడు చర్చిలో ఓడని ప్రదర్శనకి పెట్టారు. నీటి గుర్రాలుండాల్సిన చోట పాస్టర్ గారు తన చేత్తో రాసిన అట్టముక్క ఒకటి నిలబెట్టారు: "ఇవి ఈదుకుంటూ వస్తున్నాయి."